ఎడమ ముందు చక్రం

నలభై దాటితే మొదలవుతుంది.
కంచిలి దగ్గర హైవే ఎక్కానో లేదో
కాళ్ల కింద ఎక్కడో ఒక తుమ్మెద.
యాభైకి అది రుబ్బురోలు.
అరవైకి వెళ్లను. వెనక మనుషులున్నారు.

మంగళవారం, శుక్రవారం. కవిటి నుంచి పలాస.
తెల్లారగట్ల నాలుగున్నరకి హారన్ కొట్టను,
హెడ్‌లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తాను.
మెడలో తువ్వాలు, చంకలో ఫైలు,
కొబ్బరిచెట్ల సందుల్లోంచి ఒక్కొక్కరే వస్తారు.
మొన్నటిదాకా ఐదుగురు.
ముందు సీట్లో ఇప్పుడు ఫైళ్లు కూర్చుంటున్నాయి.

"టైరు అరిగిపోనాదేమో" అన్నాడు గున్నయ్య.
కొబ్బరిపీచు తాడు పేని పేని ముసలిదైన తవిటమ్మ మాత్రం
కళ్లు మూసుకుని కాసేపు విని
"రాట్నంలో కదురు ఒంగితే ఇలగే ఏడుస్తాది" అంది.

టైర్లు మార్చి చూశాను, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి.
మోత ఉన్నచోటే ఉంది.
క్లచ్ నొక్కి న్యూట్రల్లో దొర్లనిచ్చాను.
ఇంజను ఊరుకుంది, అది ఊరుకోలేదు.
హరిపురం మలుపులో బండి ఎడమకి ఒరిగి తిరిగితే సద్దు పలచబడింది,
కుడికి తిప్పితే చిక్కబడింది.
బరువు మీద పడ్డప్పుడే కదా ఎవరైనా మూలిగేది.
అయితే ఎడమదే.

కాశీబుగ్గలో ఢిల్లేసు షెడ్డు.
జీడిపిక్కలు కాల్చే పొగ గోడ దూకి వచ్చి
గ్రీజు వాసన పక్కన చతికిలబడుతుంది.
వాళ్ల రక్తం మిషను చుట్టూ తిరిగొచ్చే నాలుగ్గంటల్లో
నా బండి జాకీ మీద.
చక్రం పైనా కిందా పట్టి ఊపాడు. సన్నటి లొటలొట.
"ఇలగ్రా. సెయ్యెట్టు స్ప్రింగు మీద."
వాడు చక్రం తిప్పాడు.
ఇనుములోంచి అరచేతిలోకి, మోచేతి దాకా
జుమ్మని.
చెవికి కాదు, చేతికి వినపడింది.

"బేరింగు. నీలు దిగిపోనాయి నోపలికి."
ఎప్పుడు దిగాయో, ఏ వానకి ఏ కాజ్‌వే మీదో.
బేరింగు పద్నాలుగొందలు, కూలి మూడొందలు,
అందులో నూరు అప్పు.
పాతది కిరసనాయిల్లో కడిగి చూపించాడు,
గుండ్ల మీద చిన్న చిన్న గుంటలు,
ఆటలమ్మ పోసి పోయిన ముఖంలా.

మధ్యాహ్నం ఎక్కించుకుని సంగతి చెప్తే
బెహరా మాస్టారు చాన్నాళ్లకి నవ్వారు.
"నీళ్లు లోపల నిలిచిపోయే జబ్బా! మా క్లాసే అయితే.
రోజుకి రెండు గ్లాసులని దానికెవరూ చెప్పలేదు కాబోలు."

తవిటమ్మ ఎడం చెయ్యి చాపింది.
సూదులు దిగి దిగి ముంజేతి మీద నరం
తను పేనిన తాడులాగే లేచి ఉంది.
"ఓపాలి సెయ్యెట్టు. కట్టు కాడ కాదు, పైన."
బండి పక్కకి ఆపాను.
జుమ్మని.
అదే. పొద్దున్న స్ప్రింగు మీద దొరికినదే.
"ఇది ఆగిపోతే బేగి పరిగెట్టుకు రమ్మన్నాడు డాకటేరు.
నీది మోగితే రిపేరు,
నాది మోగకపోతే."

శుక్రవారం.
యాభై దాటింది, ఏమీ లేదు.
ఇంత నిశ్శబ్దం మా బండిలో ఎవరికీ అలవాటు లేదు.
గున్నయ్య రెండుసార్లు దగ్గి మానేశాడు.
అద్దంలో చూస్తే
తవిటమ్మ ఎడం చెయ్యి చెవికి ఆనించుకుని ఉంది,
ఫోనులో అవతలి మాట అందనట్టు.
ఫ్యాను కట్టేశాను.
కాలు కొంచెం ఎత్తాను.

"ఉందా?"

వెంటనే చెప్పలేదు.
రోడ్డు మధ్య తెల్లగీతలు లెక్కపెట్టాను, పదకొండు.

"ఉందిరా. పోనీ."